గనియా? చేపయా?
బ్రిస్టల్ అఖాతపు వివాదము నేర్పు పాఠము

మన పిల్లలు భూగోళశాస్త్రములో అలాస్కా అను పేరు చదువుదురు. అది ఉత్తర అమెరికా ఖండమునకు వాయవ్యపు మూలనున్న శీతల ప్రదేశమనియు, 1867 లో అమెరికా సంయుక్త రాష్ట్రములు దానిని రష్యా నుండి కొన్నవనియు, 1959 లో అది 49వ రాష్ట్రమైనదనియు వారికి తెలియును. అంతటితో ఆ పాఠము ముగియును. కాని ఆ రాష్ట్రపు నైరృతి భాగమున ఇరువది సంవత్సరములకు పైగా ఒక వివాదము నడచినది. నేలలోని లోహమును త్రవ్వి తీయవలయునా, నదిలోని చేపను కాపాడవలయునా అనునదే ఆ వివాదము. ఇది దూరదేశపు కథయే యైనను, ఇందలి ప్రశ్న ఏ దేశమునకును తప్పనిది. ఇరుపక్షముల వాదములను తెలిసికొని తల్లిదండ్రులు ఇంటిలో పిల్లలతో చర్చింతురను ఆశతో ఈ వ్యాసము వ్రాయబడినది.

నదికి ఎదురెక్కు చేప

బ్రిస్టల్ అఖాతము బేరింగ్ సముద్రమునకు తూర్పు అంచున నున్నది. నుషగాక్, క్విచాక్, నాక్నెక్, ఎగిగిక్, ఉగాషిక్ మొదలగు నదులు అందులో కలియును. క్విచాక్ నది అలాస్కాలోకెల్ల పెద్దదైన ఇలియామ్నా సరస్సు నుండి వెలువడును. ఈ నదులలోనికి ప్రతి వేసవియందును సముద్రము నుండి సాల్మన్ అను చేపలు కోట్ల సంఖ్యలో ఎక్కివచ్చును.

సముద్రపు చేప నదికి ఎదురీదుట తెలుగువారికి వింత కాదు. యానాము వారికిని, గోదావరి తీరవాసులకును పులస సుపరిచితము. కడలిలోని ఇలస చేప వరదనీటికి గోదావరిలోనికి ఎదురెక్కి గ్రుడ్లు పెట్టవచ్చును. అట్లు నదికి వచ్చిన దానినే పులస యందురు. సాల్మన్ కూడ ఇట్టిదే. అయితే ఒక భేదము కలదు. పులస మరల సముద్రమునకు పోగలదు. బ్రిస్టల్ నదులకు వచ్చు సాల్మన్ మాత్రము గ్రుడ్లు పెట్టిన పిదప జీవింపదు.

ఇచ్చటి సాల్మన్ చేపలలో ఐదు జాతులు కలవు. అందు ముఖ్యమైనది సాకై. ఆడుచేప ఏటి అడుగున గులకరాళ్లను తోకతో తొలగించి, పల్లము చేసి, గ్రుడ్లు పెట్టి, మరల రాళ్లతో కప్పును. శీతకాలమంతయు ఆ గ్రుడ్లు రాళ్ల నడుమనే యుండును. రాళ్ల సందులలో చల్లని నిర్మలజలము పారుచుండిననే వానికి ప్రాణవాయువు అందును. వసంతమున పిల్లలు వెలువడి ఒకటి రెండు సంవత్సరములు సరస్సులో పెరిగి, పిదప సముద్రమునకు పోవును. అచ్చట రెండు మూడు సంవత్సరములు గడపి, తాము పుట్టిన యేటికే తిరిగి వచ్చును. ఇన్ని యేళ్ల తరువాత ఆ యేటిని ఎట్లు గుర్తించును? ముఖ్యముగా వాసన చేత. పుట్టిన నీటి వాసనను పసితనములోనే గ్రహించి మరువకుండుట ఆ చేప స్వభావము.

గ్రుడ్లు పెట్టి చనిపోయిన చేపలను ఎలుగుబంట్లు, గ్రద్దలు తినును. మిగిలిన దేహము నీటిలో క్రుళ్లి పురుగులకు ఆహారమగును. ఆ పురుగులను చేపపిల్లలు తినును. తల్లి దేహమే బిడ్డల పొలమునకు ఎరువు అన్నమాట.

ప్రపంచములోని సాకై చేపలలో సుమారు సగము ఈ నదులలోనే పుట్టుచున్నవి. ఇవి తొట్లలో పెంచి వదలినవి కావు. ప్రకృతిసిద్ధముగా పుట్టి పెరిగినవి. 2022 వ సంవత్సరమున సుమారు 7 కోట్ల 90 లక్షల సాకైలు తిరిగి వచ్చినవి. అందులో సుమారు 6 కోట్లు పట్టిన తరువాత కూడ విత్తనమునకు కావలసినన్ని నదులు చేరినవి. లెక్కలు వ్రాయ మొదలిడినది మొదలు ఇంత రాక ఎన్నడును లేదు.

విత్తనము తీసి పిదప తినుట

ఈ సంపద దానంతట అది నిలువలేదు. యూపిక్, డెనైనా, అలుటిక్ అను ఆదిమజాతులవారు 4000 సంవత్సరములకు తక్కువ కాకుండ ఈ చేపపై ఆధారపడి జీవించుచున్నారు. వేసవిలో పట్టి, ఎండబెట్టి, పొగబెట్టి, చలికాలమునకు దాచుకొందురు. 1884 లో నుషగాక్ తీరమున చేపలను డబ్బాలలో నింపు మొదటి కార్ఖానా వెలసినది. తరువాత కార్ఖానాలు పెరిగి, చేపలు తరిగినవి. 1953 లో అలాస్కా సాల్మన్ పరిశ్రమ విపత్తునకు గురియైనదని అమెరికా అధ్యక్షుడే ప్రకటింపవలసి వచ్చినది.

1959 లో అలాస్కా రాష్ట్రమైనపుడు అమలులోనికి వచ్చిన దాని రాజ్యాంగములోనే ఒక నియమము కలదు. చేపలు, అడవులు మొదలగు పునరుత్పత్తి గల సంపదలను అవి తరుగకుండ ఏటేట ఫలమిచ్చు రీతిగానే వాడవలయునని దాని భావము. మన రైతునకు ఈ నియమము క్రొత్త కాదు. ముందు విత్తనపు గింజలు పాతరలో వేసి, పిదపనే తిండిగింజలు కొలుచుకొనుట అతని ఆచారము.

ఆ నియమమును వారెట్లు పాటించుచున్నారో చూడుడు. పెక్కు నదుల యొడ్డున ఎత్తైన మంచెలు కట్టియున్నారు. ఉద్యోగులు వానిపై నిలిచి ప్రతి గంటకు పది నిమిషముల చొప్పున ఎగువకు పోవు చేపలను లెక్కింతురు. ఆ నదికి విత్తనముగా కావలసిన చేపలు చేరుచున్నవని తెలిసిన పిదపనే దిగువ వలలు వేయుటకు అనుమతి లభించును. పడవ 32 అడుగులకు మించరాదు. అనుమతి పత్రముల సంఖ్యయు పరిమితము. 2019 నాటి లెక్క ప్రకారము ఈ చేపల వ్యాపారమువలన సుమారు 15,000 మందికి పని దొరకినది. చేపలతోడను, తక్కిన ప్రకృతిసంపదతోడను ఆ ప్రాంతమున జరిగిన ఆర్థిక వ్యవహారము ఆ యేట సుమారు 220 కోట్ల డాలర్లు.

రాతిలోని రాగి

ఇక గని కథ. 1980–90 దశాబ్దపు చివర, ఆంకరేజి నగరమునకు సుమారు 200 మైళ్ల నైరృతిగా ఒక గొప్ప ఖనిజ నిక్షేపము కనుగొనబడినది. దానికి పెబుల్ అని పేరు; గులకరాయి అని ఆ మాటకు అర్థము. అందు రాగి, బంగారము, మాలిబ్డినము కలవు. 2001 నుండి కెనడా దేశపు నార్తర్న్ డైనాస్టీ కంపెనీ దానిని చేపట్టినది. కంపెనీ అంచనాలలో నమ్మకముగా కొలిచిన భాగము మాత్రమే సుమారు 650 కోట్ల టన్నుల రాయి. అందులో రాగి సుమారు 5700 కోట్ల పౌనులు, బంగారము సుమారు 7 కోట్ల 10 లక్షల ఔన్సులు.

అయితే ఆ రాతిలో రాగి చిక్కగా లేదు. 1000 టన్నుల రాతిని పిండి చేసినచో వచ్చునది సుమారు 4 టన్నుల రాగియే. తక్కిన 996 టన్నులును మిగులును. ఇంకొక చిక్కు కూడ కలదు. ఆ నిక్షేపము సరిగా నుషగాక్, క్విచాక్ నదుల ఉపనదులు పుట్టు మిట్టమీద నున్నది. వివాదమునకు మూలము ఈ రెండు సంగతులే.

గని పక్షమువారి వాదము

గని కోరువారందరును దురాశాపరులని పిల్లలకు చెప్పుట న్యాయము కాదు. వారి వాదములో సత్యము కలదు.

మొదటిది, రాగి లేనిదే విద్యుచ్ఛక్తి లేదు. ఇంటి తీగ మొదలు రైలింజను వరకు రాగి కావలయును. బొగ్గును, చమురును తగ్గించి గాలిమరలను, విద్యుత్ వాహనములను పెంచవలెనన్నచో రాగి ఇంకను ఎక్కువగా కావలయును. దానిని వాడుకొనుచు, గని మాత్రము పరదేశములో ఎచ్చటనో ఉండవలెననుట ఏమి ధర్మము?

రెండవది, జీవనోపాధి. సాకై వేట జూన్, జూలై నెలలలో కొన్ని వారములు మాత్రమే సాగును. తక్కిన కాలమున పని యరుదు. విమానములమీదను, పడవలమీదను వచ్చు సరుకుల ధర అధికము. చేపల ధరయు నిలుకడ లేనిది. 2023 లో సాకై ధర పౌను ఒక్కింటికి అర డాలరునకు పడిపోయి జాలరులు నష్టపోయిరి. పని లేక కుటుంబములు పట్టణములకు తరలిపోవుచుండగా, ఊరి బడులు తరిగిపోవుచున్నవి. అలాస్కాలో ఒక పాఠశాలయందు విద్యార్థులు పదిమందికి తగ్గినచో రాష్ట్ర సహాయద్రవ్యము చాలవరకు నిలిచిపోవును. హాజరుపట్టీలో పేరులు తరుగుచుండగా చూచుట ఎట్టి బాధయో, మన పాఠశాలల తల్లిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. గని వచ్చినచో ఊరు నిలుచునని ఆశించిన గ్రామస్థులను ఎవరు తప్పుపట్టగలరు?

మూడవది, ప్రభుత్వ పరిశీలన. 2020 జూలైలో సైనిక ఇంజనీర్ల శాఖ ప్రకటించిన తుది నివేదికలో, గని సక్రమముగా నడచినంతవరకు చేపల సంఖ్యలో కొలువదగిన మార్పు రాదని వ్రాసిరి. ఆ దేశములో నదులను, చిత్తడినేలలను పూడ్చుటకు అనుమతి ఇచ్చు అధికారము ఆ శాఖదే. కావున ఆ మాట కంపెనీకి బలమైనది.

చేప పక్షమువారి వాదము

రెండవ పక్షమువారు మొదట రాతి గుణమును చూపిరి. ఆ రాతిలో రాగి గంధకముతో కలిసియున్నది. అట్టి రాతిని పొడిచేసి గాలికిని, నీటికిని విడిచినచో గంధకికామ్లము పుట్టి లోహములను కరగించును. కరగిన రాగి లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాములు హెచ్చినను సాల్మన్ యొక్క ఘ్రాణశక్తి మందగించునని పరిశోధనలు తెలిపినవి. వాసనచేతనే పుట్టినయేటిని గుర్తించు జీవికి అది ఎంత హానియో ఊహింపవచ్చును. మనుష్యుడు త్రాగుటకు పనికివచ్చు నీరే సాల్మన్‌కు దారి మరపించునది కావచ్చును.

తరువాత వారు మిగిలిన రాతిపిండి సంగతి అడిగిరి. కోలారు ప్రాంతపు పాఠకులకు సైనైడు దిబ్బలు తెలియును. 1880 నుండి సుమారు 120 సంవత్సరములు సాగిన ఆ బంగారు గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడినవి. బంగారము ఎచ్చటికో పోయినది. దిబ్బలు ఊరి నడుమనే నిలిచినవి. గాలి వీచినపుడు వాని ధూళి ఇండ్లమీద పడుచునే యున్నది. పెబుల్ యందైతే అట్టి పిండిని నీటితో కలిసిన బురదగా గొప్ప కట్టల వెనుక నిలువచేయవలయును. గని మూసిన తరువాత కూడ ఆ కట్టలను తరతరములు కనిపెట్టి యుండవలయును.

కట్టలు తెగవా? 2014 ఆగస్టు 4వ తేదీన కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున మౌంట్ పాలీ రాగి గని కట్ట తెగి, సుమారు 2 కోట్ల 50 లక్షల ఘనమీటర్ల బురదయు నీరును వెడలి, క్వెనెల్ సరస్సులో పడినవి. ఆ సరస్సును సాకైలు పెరుగు చోటే. కట్ట క్రిందనున్న మెత్తని మంటిపొర బలహీనతను ముందుగా గుర్తింపలేదని నిపుణుల సంఘము పిదప తేల్చినది. అది బుద్ధిపూర్వకమైన ద్రోహము కాదు. నేలలోపలి సంగతి మనుష్యునికి పూర్తిగా తెలియకపోవుటయే.

చివరగా స్థలనష్టము. 2020 నాటి ప్రణాళిక ప్రకారము ఇరువది సంవత్సరముల గనివలన, సాల్మన్ ఉన్నట్లు నమోదైన యేళ్లు సుమారు 8.5 మైళ్లు, వానికి నీరందించు పిల్లకాలువలు మరి 91 మైళ్లు, చిత్తడినేలలు మొదలగునవి 2,108 ఎకరములు నశించునని లెక్క తేలినది. అంత పెద్ద దేశములో ఎనిమిదిన్నర మైళ్లు ఒక లెక్కయా అని అడుగవచ్చును. దీనికి వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2010 లో ప్రకటించిన పరిశోధనలో ఉత్తరము దొరకును. బ్రిస్టల్ సాకై ఒకే మంద కాదు. వేరువేరు యేళ్లకు అలవాటుపడిన కొన్ని వందల మందలు. ఒక యేట చలి హెచ్చి కొన్ని మందలు తగ్గినచో, అదే చలికి మరికొన్ని పెరుగును. జొన్నతోపాటు కందియు, అనుములును కలిపి చల్లిన మెట్టరైతునకు ఏదో ఒక పంట చేతికి వచ్చునట్లే ఇదియును. ఇవన్నియు ఒకే మందయైనచో రాకలోని హెచ్చుతగ్గులు రెండు రెట్లకు మించి యుండెడివనియు, వేట పూర్తిగా నిలుపవలసిన సంవత్సరములు పది రెట్లు వచ్చెడివనియు వారు గణించిరి. కావున చిన్న యేరు పోయినచో పోవునది ఆ యేటి చేపలు మాత్రమే కాదు. కరవునాటికి ఆదుకొను పైరులలో ఒకటి పోయినట్లే.

తీర్పులు

2013 లో ఆంగ్లో అమెరికన్ కంపెనీ ఈ ప్రయత్నము నుండి తొలగినది. 2014 లో రియో టింటో కంపెనీ తన వాటాలను అలాస్కాలోని రెండు ధర్మసంస్థలకు ఇచ్చివేసినది. ఆ సంవత్సరమే అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ గనివలన కలుగు ప్రమాదములను వివరించుచు పెద్ద నివేదిక ప్రకటించెను. అదే యేట అలాస్కా ఓటర్లు, ఈ ప్రాంతపు పెద్ద గనులకు శాసనసభ అనుమతియు కావలెనను ప్రతిపాదనను నూటికి అరువదిమందికి పైగా ఆమోదించిరి. 2019 లో ప్రభుత్వము మారిన వైఖరితో ఆంక్షల ప్రతిపాదనను వెనుకకు తీసికొనినది. కాని 2020 నవంబరు 25వ తేదీన సైనిక ఇంజనీర్ల శాఖయే, జులైలో అట్లు వ్రాసియు, ఈ గని ప్రజాహితమునకు విరుద్ధమని అనుమతి నిరాకరించినది. నష్టమునకు బదులుగా కంపెనీ చేయదలచిన పూరణ చాలదని కూడ చెప్పినది. 2023 జనవరి 30వ తేదీన పర్యావరణ రక్షణ సంస్థ 1972 నాటి జలశుద్ధి చట్టము క్రింద ఆ నిక్షేపపు గని వ్యర్థములను ఆ నీటిలో వేయరాదని నిషేధించినది. అలాస్కా రాష్ట్రము దీనిపై నేరుగా సుప్రీంకోర్టు కెక్కగా, 2024 జనవరిలో ఆ కోర్టు వ్యాజ్యమును స్వీకరింపలేదు. ఆ సంవత్సరముననే కంపెనీయు రాష్ట్రమును క్రింది న్యాయస్థానములలో వ్యాజ్యములు వేసినవి.

తూనిక యెట్లు?

ఇట్టి ప్రశ్నలను డాలర్ల లెక్కతో మాత్రమే తూచినచో తేలవు. నిక్షేపములోని లోహపు వెల చేపల యేటి వెలకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. కాని ఒకటి కుండలోని ధాన్యము, రెండవది పొలము. కుండ ఎంత పెద్దదైనను ఒకనాటికి అడుగు కనిపించును. అలాస్కాలోనే కెనికాట్ అను చోట 1911 నుండి 1938 వరకు మిక్కిలి శ్రేష్ఠమైన రాగిగని నడచినది. రాగి యయిపోయినంతనే ఊరు పాడుపడినది; నేడు దానిని చూడ యాత్రికులు పోవుచున్నారు. పొలమైనచో పాడుచేయనంతకాలము పండుచునే యుండును.

కావున మూడు ప్రశ్నలతో తూచవలయును. ఈ లాభము ఒక్కమారు వచ్చునదా, ఏటేట వచ్చునదా? పొరపాటు జరిగినచో దిద్దుకొనుటకు వీలున్నదా? లాభము పొందువారును, అపాయము మోయువారును ఒక్కరేనా? పెబుల్ విషయమున ఈ మూడింటికిని వచ్చు సమాధానములు గనికి ప్రతికూలముగనే యున్నవి. ఆ రాగి నేలలో నున్నంతకాలము చెడిపోదు. మేలైన పద్ధతి కనుగొన్ననాడు మనుమలు తీయవచ్చును. చేప ఒక్కమారు పోయినచో వారు తేలేరు. కొలంబియా నదియందు ఒకప్పుడు ఏటేట కోటికి తక్కువ కాకుండ సాల్మన్ వచ్చెడివని అంచనా. 1942 లో ముగిసిన గ్రాండ్ కూలీ ఆనకట్ట ఎగువకు దారియే మూసినది. తరువాత తొట్లలో పిల్లలను పెంచి వదలుటకు ఎంత ధనము వెచ్చించినను ఆ పూర్వపు రాక మరల రాలేదు.

అయినను గనిని ఆపుటతో ధర్మము తీరదు. ఊరు నిలుపుకొనవలెనని గని కోరిన గ్రామములకు వేరొక జీవనోపాధి చూపు బాధ్యత గనిని కాదన్నవారిపై కూడ కలదు. రాగి వాడుకొను మనపైనను ఒక బాధ్యత కలదు. అమ్మమ్మలనాటి రాగిబిందె చిల్లిపడినచో పారవేయక కంచరికి ఇచ్చెడివారు. అది కరగి మరల పాత్రయై వచ్చెడిది. ఎన్నిమారులు కరగించినను రాగి గుణము చెడదు. పాత తీగలను, యంత్రములను చెత్తలో కలుపక తిరిగి కరగించుకొన్నంత మేర, ఎచ్చటనో ఒక నదికి పుట్టుచోట రాయి పగులగొట్టు అవసరము తగ్గును.

ఇంట చర్చించుటకు ప్రశ్నలు

1. పులసకును, సాకై సాల్మన్‌కును గల పోలికయేమి? భేదమేమి?

2. మంచెలపై నిలిచి చేపలను లెక్కించుటకును, రైతు విత్తనము తీసిపెట్టుటకును గల సంబంధమును చెప్పుము.

3. ఇలియామ్నా సరస్సు ఒడ్డున మీ ఊరున్నదనియు, మీ బడిలో తొమ్మిదిమందియే మిగిలిరనియు అనుకొనుము. గనికి అనుకూలముగా ఓటు వేయుదువా? కారణములు చెప్పుము.

మూడవ ప్రశ్నకు పిల్లవాడు ఏ సమాధానము చెప్పినను తల్లిదండ్రులు వెంటనే తప్పనరాదు. రెండవ పక్షమువారి బాధను కూడ తన మాటలలో చెప్పగలిగెనా అని మాత్రము చూడవలయును. అది చెప్పగలిగినచో వాడు పాఠమును గ్రహించినట్లే.